ఏడు చోట్ల రాసిన అమావాస్య

“ఆంటీ, మోటారు ఆపారా? ట్యాంకు నిండి గోడ వెంట కారుతోంది.”

“నేను జూస్కుంట తియ్. నువ్వు ఎక్కు ముందు, బస్సు పోతది.”

మా ఇద్దరి మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆటోలో ఒక కాలు పెట్టి, భుజాన సంచి తగిలించుకుని, ఆ పిల్ల నా ఇంటి మీది ట్యాంకు వైపు చూస్తూ అన్న మాట, దానికి నేను చెప్పిన జవాబు. రెండేళ్ళ పైన నా మేడమీది గదిలో కిరాయికి ఉన్న పిల్ల. పెళ్లి కుదిరి విశాఖపట్నం వెళ్లిపోతోంది. అంతకంటే పెద్ద మాటలు మాకు అలవాటు లేవు. తర్వాత నా ఫోను నీళ్ళలో పడి నంబర్లన్నీ పోయాయి. మళ్లీ మాట్లాడుకోలేదు.

నేను సంతకం పెట్టగలను, బస్సు మీద ఊరిపేరు పోల్చుకోగలను. అంతకుమించి చదువు లేదు. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. ఆ పిల్ల కంప్యూటరులో చేసిన పని గురించి చెప్పాలని కూర్చున్నాను. కంప్యూటరు పని చేసేవాళ్ళు మా దిక్కు చాలామందే ఉన్నారు. కొత్తది కట్టినవాళ్ళను అందరూ మెచ్చుకుంటారు. ఈ పిల్ల ఉన్నదాన్ని తగ్గించింది. అలా తగ్గించడం వల్ల నా పని నిలబడింది.

మాది రావిర్యాల. నా భర్త పోయిన ఏడాదికి నాకు విమానాశ్రయంలో హౌస్‌కీపింగ్ పని దొరికింది. హౌస్‌కీపింగ్ అంటే పెద్దగా అనిపిస్తుంది కానీ నేల తుడవడం, బాత్‌రూములు కడగడం, అద్దాల మీద వేలిముద్రలు తీయడం. పని నాకు నచ్చింది. అంత పెద్ద కప్పు కింద, అంత నున్నటి నేల మీద, చల్లగా పని చేయడం నేనెప్పుడూ ఎరగను. అంతకుముందు ఎండలో మిరప తెంపినదాన్ని.

లోపలికి వెళ్లాలంటే మెడలో కార్డు ఉండాలి. పోలీసులు ఇంటికి వచ్చి అడిగి వెళ్ళాక ఇచ్చే కార్డు అది. ఏటా కొత్తది చేయించాలి. చేయించేది కాంట్రాక్టరు, ఎవరి పేరు పంపాలో చెప్పేది మా సూపర్‌వైజరు. కార్డు లేకపోతే గేటు బయటే నిలబడాలి. నాకు పొలం లేదు, నెలనెలా వచ్చే పింఛను లేదు. మేడమీది గది కిరాయీ, ఆ కార్డూ, ఇవే నా బతుకు.

తెల్లవారుజామున బడంగ్‌పేట్ నుంచి ఒక బండి వచ్చేది. మా కిరాణా దుకాణం ముందు మమ్మల్ని ఎక్కించుకుని తుక్కుగూడ మీదుగా తీసుకుపోయేది. ఆ బండ్లు కాంట్రాక్టరువి కావు, బయటివాళ్ళవి. బండి ఎవరిదో వాళ్ళే తోలుతారు. వాళ్ళకొక పద్ధతి ఉంది. అమావాస్య నాడు బండిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చి కట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టనిదే చక్రం కదలనివ్వరు. అదీ పొద్దు పొడిచాకే. మా దగ్గర ఇది అందరికీ తెలిసిన సంగతి, ఎవరూ తప్పు పట్టరు. అందుకని అమావాస్య రోజున మాత్రం ఆ బండికి బదులు కాంట్రాక్టరు సొంత బస్సు వచ్చేది. ఎవరికి ఏ బండి పంపాలో, ఎన్ని గంటలకు, ఎక్కడికి, అన్నీ కంప్యూటరే చూసుకునేది. డ్రైవర్ల ఫోన్లకు మెసేజీ వెళ్ళేది.

ఒక ఏడు జనవరి అమావాస్యకు బస్సు రాలేదు.

మేము ఐదారుగురం ఆడవాళ్ళం చలికి కొంగులు కప్పుకుని నిలబడ్డాం. నా పక్కన నిలబడే ఆమె, మా వీధిదే, నోరు ఊరుకోదు.

“ఏందక్కా, బండీ రాకపాయె, బస్సూ రాకపాయె. మనోడు నిమ్మకాయలు తెంపనీకి తోటకు పోయిండా?”

“తోట పెట్టనీకి పోయిండేమో. చెట్టు పెరిగి కాయ కాస్తే కడతడు,” అన్నాను.

నవ్వుకున్నాం గానీ తెల్లవారిపోయింది. షేర్ ఆటో పట్టుకుని తుక్కుగూడ, అక్కడ ఇంకొకటి పట్టుకుని విమానాశ్రయం చేరేసరికి పని మొదలై చాలాసేపైంది. సూపర్‌వైజరు వయసులో నాకంటే చిన్నవాడు. చెడ్డవాడేమీ కాదు. కానీ అతని ముందు కంప్యూటరు ఉంది.

“బండి టైముకే వచ్చిందని ఉన్నది గదమ్మా గిండ్ల.”

“వచ్చిందా? ఎవరిని ఎక్కించుకున్నది సారూ? మేమైతే ఆడనే ఉంటిమి.”

“కంప్యూటరుకు నీ మీద పగ ఏముంటది చెప్పు?”

డ్రైవరు ఫోను చేసి రావట్లేదని చెబితే తప్ప, బండి వచ్చినట్టే కంప్యూటరు రాసుకుంటుందట. మెసేజీ వచ్చినా, అమావాస్యకు ఎప్పుడూ బస్సే వెళ్తుంది కదా అని ఆ రోజు డ్రైవరు ఫోను చేయలేదు. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను అబద్ధాలకోరునై నిలబడ్డాను.

ఫిబ్రవరి అమావాస్యకూ అదే జరిగింది. ఈసారి సూపర్‌వైజరు నవ్వలేదు.

“శ్రావణంల కార్డుల కాగితాలు పోతయ్. అప్పటిదంక ఇంకొక్కసారి గిట్ల లేటైతే నీ పేరు పంప. నాక్కూడా పైన సార్లు ఉన్నరు.”

ఆ సాయంత్రం వాకిట్లో గిన్నెలు తోముతున్నాను. ఆ పిల్ల ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కబోతూ ఆగింది. అప్పటికి కిరాయికి దిగి కొద్ది నెలలే. ఏలూరు దిక్కు పిల్ల. హార్డ్‌వేర్ పార్కు దగ్గర ఒక చిన్న కంపెనీలో పని. ‘అండీ’ లేకుండా కుక్కను కూడా పిలిచేది కాదు.

“ఏమైంది ఆంటీ? గిన్నెల మీద చూపిస్తున్నారు కోపం.”

“గిన్నెల మీద గాక ఇంకెవరి మీద జూపియ్యాలె? మీ కంప్యూటర్ల మీద మన్ను వడ!”

జరిగిందంతా చెప్పాను. ఆమె వింటూ వింటూ కాంట్రాక్టరు పేరు అడిగింది. చెప్పాను. మెట్టు మీద కూర్చుండిపోయింది.

“ఆంటీ, ఆ బండ్ల లెక్క చూసే ప్రోగ్రాం మా ఆఫీసుదే.”

“అట్లనా? అయితే వచ్చే నెల సంది నీకు కిరాయి పెంచుత.”

ఆమె నవ్వలేదు. “ఏ రోజుల్లో రాలేదో చెప్పండి.”

“రోజులేంది, అమాసకు రాలే. పోయిన అమాసకు, గీ అమాసకు.”

ఆ మాట వినగానే లోపలికి వచ్చి గోడకున్న క్యాలెండరు తిరగేసింది. నల్ల చుక్క పెట్టిన రోజులన్నిటి మీదా వేలు పెట్టుకుంటూ పోయింది. “ఇవా!” అంది. తన పనిలో కొన్ని తేదీలు వరసగా రాసి ఉంటాయట. ఎందుకు రాశారో పక్కన ఒక్క ముక్క లేదట. ఎవరివో పుట్టినరోజులు అనుకుందట.

“మా ఇళ్ళల్లో అమావాస్యనాడు ఏదీ మొదలుపెట్టరు ఆంటీ. ఆ రోజే ఏరికోరి బండికి పూజ చేస్తారని నాకెలా తెలుస్తుంది?”

“మాకు అమాస మంచిదే పిల్లా. మీకెందుకు చెడ్డదైందో మీరే జెప్పాలె.”

ఆ రోజు ఆమె నాకు చెప్పింది ఇది. మొదట ఈ ప్రోగ్రాం సరుకులు ఎత్తే కార్గోవాళ్ళ బండ్ల కోసం తయారైంది. బాగా నడిచింది. తర్వాత క్యాంటీనువాళ్ళు మాకూ కావాలన్నారు. కొత్తగా ఆలోచించే తీరిక లేక, ఉన్నదాన్నే మొత్తం ఎత్తి పక్కన ఇంకొకటిగా పెట్టి, అక్కడక్కడా మార్చారు. తర్వాత లాండ్రీవాళ్ళు, మరికొందరు, ఆ తర్వాత మేము. అలా ఒకటే పని ఏడు చోట్ల రాసి ఉంది. అమావాస్య తేదీలు కూడా ఏడు చోట్ల. కొత్త సంవత్సరం రాగానే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఏడింటిలోనూ కొత్త తేదీలు వేయాలి. గుర్తుపెట్టుకునే మనిషి ఉద్యోగం మానేశాడు. తర్వాతివాళ్ళు ఆరింటిలో వేశారు. మాది మరిచిపోయారు.

నాకు వెంటనే అర్థమైంది. నేను అంతకుముందే సిమ్ము మార్చాను. కొత్త నంబరు బ్యాంకులో చెప్పాను, సూపర్‌వైజరుకు చెప్పాను, గ్యాసు ఏజెన్సీలో చెప్పడం మరిచాను. బండ వచ్చిందన్న మెసేజీ ఎవరికో వెళ్ళింది, నేను నాలుగు రోజులు కట్టెల పొయ్యి మీద వండుకున్నాను.

“గట్లనేనా?” అని అడిగాను.

“అచ్చంగా అంతే ఆంటీ. మీ నంబరు ఒక్కచోట ఉండి, అందరూ అక్కడికే వచ్చి చూసుకుంటే మీరు ఒక్కసారి మారిస్తే సరిపోయేది.”

మర్నాడు ఆమె వాళ్ళ సారుకు చెప్పిందట. సారు అన్నాడట, “ఆ ఏడోదాంట్లో కూడా తేదీలు వేసెయ్యమ్మా, అయిపోద్ది. నడిచేదాన్ని కెలక్కు.” ఆయన మాట్లాడే తీరు, ఫోను చెవికి భుజానికి మధ్య ఇరికించుకుని, చేత్తో ఈగను తోలినట్టు, అన్నీ చేసి చూపించింది. తేదీలు వేసింది. తర్వాతి అమావాస్యకు బస్సు వచ్చింది. నేను సంతోషంగా సర్వపిండి చేసి పైకి పట్టుకుపోయాను. ఆమె తిన్నది, ఇంకొక ముక్క అడిగి మరీ తిన్నది. ముఖంలో మాత్రం సంతోషం లేదు.

“అయిపాయె గద బిడ్డా. బస్సొచ్చింది.”

“మీకు వచ్చింది ఆంటీ. పని అవ్వలేదు.”

ఆమె ఎందుకలా అన్నదో ఎండాకాలంలో తెలిసింది. తుక్కుగూడ దగ్గర రోడ్డు తవ్వి బండ్లను వేరే దారిన పంపారు. ఆ దారి ప్రోగ్రాంలో మార్చమంటే ఆఫీసులో ఒకతను మార్చాడు. ఈసారి మాది సరిగ్గానే ఉంది. మహేశ్వరం నుంచి వచ్చే లాండ్రీ ఆడవాళ్ళది మరిచిపోయారు. వాళ్ళు పాత మలుపు దగ్గర నిలబడి నిలబడి ఇళ్ళకు వెళ్లిపోయారు. ఆ రోజు కూలి పోయింది. మేము లంచ్ గదిలో కలిసినప్పుడు వాళ్ళు తిట్టిన తిట్లు ఇక్కడ రాయించలేను, మా చెల్లెలి బిడ్డ చెవులు మూసుకుంటుంది.

ఆ పిల్ల మళ్లీ వాళ్ళ సారు దగ్గరికి వెళ్ళింది. ఏడింటినీ ఒకటి చేస్తానంది. సారు చాలాసేపు వద్దన్నాడు, చివరికి, “నీ పనులు అయ్యాక చేసుకో. ఏదన్నా ఆగిందంటే మాత్రం నా దగ్గరికి రాకు,” అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె కిందికి దిగి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను చింతపండు గింజలు తీస్తున్నాను. తనూ కొంచెం తీసింది.

“ఆంటీ, ఒకటి అడగాలి. మొదట మీ బండినే కొత్తదాంట్లోకి మారుద్దామనుకుంటున్నాను. ఏదైనా తేడా వస్తే మీరు ఇంటికి రాగానే నాకు చెబుతారు, వెంటనే దిద్దుకోవచ్చు. కానీ నా వల్ల తప్పు జరిగితే పోయేది మీ కార్డు. మీరు వద్దంటే లాండ్రీవాళ్ళది మొదలుపెడతాను.”

నేను గింజలు తీయడం ఆపాను. శ్రావణం ఎంతో దూరం లేదు. వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె నన్ను అడిగింది. నా పని మీద చెయ్యి వేసేముందు నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె.

“లాండ్రోల్ల కార్డులు కార్డులు గావా?” అన్నాను. “మాదే జెయ్. గని పైలం.”

ఆమె చేసిన తీరు చూసి నాకు ధైర్యం వచ్చింది. పాతదాన్ని ఒక్కసారిగా పీకి పారేయలేదు. పాతది నడుస్తూనే ఉంది, డ్రైవర్లకు మెసేజీలు అదే పంపుతోంది. పక్కన కొత్తది కొంచెం కొంచెంగా రాసుకుంటూ, రోజూ రెండింటినీ ఒకటే ప్రశ్న అడిగేది. రేపు ఎవరికి ఏ బండి, ఎన్నింటికి? రెండూ ఒకటే జవాబు చెబితే ముందుకు పోయేది. తేడా వస్తే ఆగి, ఎందుకొచ్చిందో తేలేదాకా ఇంకో ముక్క ముట్టుకునేది కాదు. నేను ఇంటికి రాగానే మెట్ల మీద నుంచే అడిగేది, “ఈరోజు ఏ వైపు నుంచి వచ్చింది ఆంటీ బండి?” అని. బండి సంగతి చెప్పాకే చెప్పులు విడిచేదాన్ని.

ఆ రోజుల్లో తెలంగాణ ఉద్యమం బంద్‌లు ఎక్కువ. బంద్ రోజున కూడా ముందు అద్దానికి విమానాశ్రయం బోర్డు కట్టుకుని బస్సే వచ్చేది. ప్రోగ్రాంలో బంద్‌కు ఒకచోట రాశారట, దసరాకు ఒకచోట, అమావాస్యకు ఇంకొకచోట. మూడుచోట్లా చేసే పని ఒకటే, బండి బదులు బస్సు పంపడం. ఆమె మూడింటినీ కలిపి, ‘బండి రాని రోజు’ అని పేరు పెట్టింది. రేపు ఇంకేదో వచ్చి బండి రాకపోయినా ఆ పేరు కిందే పెడితే సరి. అంతకుముందు అక్కడ పేర్లు ఒక్కొక్క అక్షరమేనట, రాసినవాడికి తప్ప దేవుడికి కూడా తెలియవట. పేరు మార్చిన రోజు ఆమె ఎంత సంతోషపడిందంటే, రెండు మెట్లు ఒకేసారి దూకుతూ దిగి వచ్చి నాకు చెప్పింది. పేరు పెట్టినందుకు ఇంత సంతోషమా, బిడ్డ పుట్టిందా ఏంది అన్నాను.

ఒకచోట మాత్రం చిక్కు పడింది. మా ఒక్కళ్ళ దాంట్లో, తుక్కుగూడకు ముందు వచ్చే స్టాపులో బండి మామూలుకంటే ఎక్కువసేపు ఆగాలని రాసి ఉందట. మిగతా ఆరింటిలో అలా లేదు. ఎవరో అటూ ఇటూ ఎత్తిపెట్టేటప్పుడు మిగిలిపోయిన చెత్త అనుకుంది. తీసేద్దామనుకుని కూడా ఆగింది. తన సెలవు రోజున తెల్లవారుజామున లేచి, నాతో పాటు కిరాణా దుకాణం ముందు నిలబడింది.

మా వీధి ఆమె ఊరుకుంటుందా? “ఏం పిల్లా, బాత్‌రూములు కడగనీకి వస్తున్నవా? చీపురు దెచ్చుకున్నవా?”

“మీది ఉంది కదండీ, ఒక పూట ఇవ్వండి.”

“ఇస్త గని, జీతం గూడ నాకే రావాలె.”

బండి ఎక్కాం. ఆ స్టాపు దగ్గర డ్రైవరు ఇంజను ఆపేశాడు. పిల్ల కిటికీలోంచి చూస్తోంది. కొంచెంసేపటికి పొలం గట్టు మీది నుంచి ఒకామె కుంటుకుంటూ వచ్చింది. మాతో పాటు అద్దాలు తుడుస్తుంది. చిన్నప్పటి నుంచీ ఒక కాలు సన్నం. బురద రోజుల్లో గట్టు దిగడం ఆమెకు చాలా కష్టం. ఎక్కి కూర్చుని ఆయాసపడుతూ, “పోనియ్యన్నా,” అంది. డ్రైవరు బండి తీశాడు. అంతే. మాకు అది రోజూ ఉండేదే.

పిల్ల తుక్కుగూడలో దిగి వెనక్కి వెళ్లింది. సాయంత్రం నాకు చెప్పింది.

“చెత్త అనుకున్నాను ఆంటీ. చూడకుండా తీసేసి ఉంటే రేపు ఆవిడ గట్టు మీదే ఉండిపోయేది. ఎవరో పుణ్యాత్ముడు ఆవిడ కోసం రాశాడు. ఆవిడ కోసం అని మాత్రం రాయలేదు.”

ఆ ముక్క తీయలేదు. పైగా, అవసరమైన మనిషి ఎవరున్నా, ఏ స్టాపులోనైనా, బండి ఇంకొంచెంసేపు ఆగేట్టు చేసి, ఎందుకో కూడా రాసిపెట్టింది. తర్వాత బడంగ్‌పేట్‌లో ఒక క్యాంటీను పిల్ల నిండు నెలలతో ఉన్నప్పుడు ఆమె కోసం కూడా బండి ఆగింది. తగ్గించడం అంటే కనబడినదల్లా కొట్టేయడం కాదని నాకు అప్పుడు తెలిసింది. ప్రతి ముక్కనూ నువ్వెందుకున్నావని అడిగి, జవాబున్నదాన్ని ఉంచడమూ అందులోదే. అడగడానికి ఆమె తెల్లవారుజామున లేచి వచ్చింది. ఆమె స్థానంలో నేనుంటే నిద్రపోయేదాన్ని.

ఆషాఢం దాటబోతోంది. పాతదీ కొత్తదీ రెండూ ఒకటే మాట చెప్పడం మొదలై చాలా రోజులైంది. ఆమె మాకున్న పాతదాన్ని ఆపేసి కొత్తదానికి మార్చింది. మార్చాక వచ్చిన మొదటి అమావాస్య, శ్రావణానికి ముందరిది. కార్డుల కాగితాలు ఆ వారమే పోతాయి.

నేను స్టాపుకు బయలుదేరుతుంటే ఆమె కూడా కిందికి వచ్చింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

“నువ్వెందుకు బిడ్డా, పండుకోరాదు.”

“నిద్ర పట్టలేదు ఆంటీ.”

మిగతా ఆడవాళ్ళకు ఈ సంగతేమీ తెలియదు. వాళ్ళు బోనాలకు ఎవరింట్లో ఎవరికి పూనకం వచ్చిందో చెప్పుకుంటున్నారు. మేమిద్దరం మాత్రం రోడ్డు వంకే చూస్తున్నాం. దూరంగా లైట్లు కనబడ్డాయి. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. దగ్గరికి వస్తే పాలబండి. చెయ్యి వదిలింది. నేను లోపల మైసమ్మను తలుచుకున్నాను. నా కార్డు కోసమే తలుచుకున్నానని చెప్పాలి, కానీ ఆ పిల్ల ముఖం చూస్తే ఆమె కోసం కూడా తలుచుకున్నాను.

మళ్లీ లైట్లు. ఈసారి ఎత్తుగా, వెడల్పుగా. బస్సు. ఎప్పుడూ ఆగే చోటే, ఎప్పుడూ వచ్చే సమయానికే ఆగింది. ఆడవాళ్ళు ముచ్చట ఆపకుండానే ఎక్కారు. నేను చివర ఎక్కి వెనక్కి చూశాను. ఆమె కిరాణా దుకాణం అరుగు మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని నవ్వుతోంది. ఏడుస్తోందేమో కూడా, బస్సు కదిలింది, సరిగ్గా కనబడలేదు. ఆ తర్వాతి స్టాపులో బస్సు ఇంజను ఆపుకుని నిలబడింది. గట్టు మీది ఆమె వచ్చి ఎక్కింది.

నా పేరు కాగితాల్లో వెళ్ళింది. కొత్త కార్డు వచ్చింది. ఫోటోలో కళ్ళు మూసుకుపోయాయి గానీ కార్డు కార్డే.

ఆమె మిగతా ఆరింటినీ ఒక్కొక్కటిగా అలాగే మార్చింది. దసరా దాటింది. అంతా అయ్యాక వాళ్ళ సారు పిలిచి అడిగాడట. ఆ ముచ్చట ఆమె రెండు గొంతులతో చెబితే నేను కడుపు పట్టుకుని నవ్వాను.

“ఇన్ని నెలలు జీతమిస్తే ఉన్నదాంట్లో సగానికి పైగా తీసేశావా? ఇప్పుడు కస్టమర్‌కి నేనేం చూపించాలి?”

“ఏం చూపించక్కర్లేదండీ. ఫోన్లు రావడం లేదు కదా.”

సారు ఆలోచించి, “అవును, రావట్లేదేంటి?” అన్నాడట.

ఆయన ఆమెకు పెద్దగా ఏమీ చేయలేదు. నేను ఆశ్చర్యపోలేదు. నేల మురికిగా ఉంటే మమ్మల్ని పిలవడానికి పదిమంది ఉంటారు. తళతళలాడుతుంటే దాని మీదుగా నడిచి వెళ్లిపోతారు, నడవాల్సింది అలాగే. కానీ ఆ పిల్లలో నాకు నచ్చింది ఏమిటంటే, ఆమె కూడా మెప్పు అడగలేదు. బస్సు ఎక్కుతూ ముచ్చట ఆపని ఆడవాళ్ళ గురించి పదేపదే చెప్పుకుని మురిసిపోయేది. “చూశారా ఆంటీ, వాళ్ళు అసలు తలెత్తి కూడా చూడలేదు,” అని.

ఆమె వెళ్లిపోయాక ఆ గదికి ఆమె ఆఫీసులోనే చేరిన ఒక పిల్లగాడు వచ్చాడు. మహబూబ్‌నగర్ దిక్కువాడు, నన్ను అక్కా అంటాడు. తెలంగాణ వచ్చిన ఏడు కాంట్రాక్టరు ఆ పాత బస్సులు అమ్మేశాడు. అమావాస్య నాడు బస్సుకు బదులు ఇంకో చోటి నుంచి చిన్న బండ్లు తెప్పించాలన్నారు. ఆ మాట లంచ్ గదిలో విన్నప్పుడు నా చెయ్యి దానంతటదే మెడలోని కార్డు మీదికి పోయింది. పాత రోజులైతే ఎవరో ఒకరం రోడ్డు మీద మిగిలిపోయేవాళ్ళం. కార్గోవాళ్ళు కాకపోతే లాండ్రీ, లాండ్రీ కాకపోతే మేము.

ఆ అమావాస్యకు చిన్న బండి వచ్చింది. మాకూ వచ్చింది, మహేశ్వరంవాళ్ళకూ వచ్చింది, అందరికీ వచ్చింది. గట్టు దగ్గర ఆగింది కూడా. సాయంత్రం ఆ పిల్లగాడు మెట్లు దిగుతుంటే ఆపాను.

“తమ్మీ, గీ బండ్ల సంగతి మీ ఆఫీసులనే మార్చిండ్రా?”

“అవునక్కా, నేనే మార్చిన. పొద్దుగాల చెప్పిండ్రు, బువ్వకు లేచేలోపు అయిపాయె.”

“ఎవరినన్న అడిగినవా, గిది ఏంది, గది ఏందని?”

“అడిగే పని పడలే. చదువుతుంటెనే సమజైంది. ఎవరో రాసిండ్రు గని అక్కా, శానా సాఫ్‌గ రాసిండ్రు. ఒకామెను ఎక్కించుకోనీకి ఎందుకు ఆగాల్నో గూడ రాసి ఉన్నది.”

“ఎన్ని చోట్ల మార్చినవ్?”

“ఒక్కచోట. ఎందుకక్కా?”

“ఊకెనే అడిగిన,” అన్నాను. ఆమె ఈ గదిలోనే ఉండేదని తర్వాత చెప్పాను.

ఇంతే. నా కార్డు ఈ ఏడు కూడా కొత్తది వచ్చింది, అదిగో గోడకు వేలాడుతోంది. రేపు తెల్లవారి బండికి పోవాలి, బండి వస్తుంది.

ఇగ ఆ పెన్ను పక్కన పెట్టు బిడ్డా. జర మొదటి నుంచి చదివి వినిపియ్. మెల్లగ చదువు. చెప్పిందే మళ్ల చెప్పి ఉంట నేను, గసొంటి కాడ ఆగు, ఒకటి కొట్టేద్దాం. గని కొట్టేసే ముందు నన్ను అడుగు.